హోల్డాన్

మంగళారం, శుక్రారం
తొమ్మిదిన్నర బస్సుకు దిగుతది మణెమ్మ.
సంకల కొడుకు, భుజానికి సంచి,
సంచిల నీళ్ల సీస, జొన్నరొట్టె, పాత తువ్వాల.
కుర్మయ్యకు ఏడేండ్లు నిండినయి.
ఇంకా సంకలనే ఉన్నడు.

కల్వకుర్తిల బడి వెనకాల మా గది.
ఒకప్పుడు బియ్యం బస్తాలు పెట్టేటోళ్లు.
వాన పడితే ఇప్పటికీ గోడలకెల్లి
పురుగు బియ్యం వాసన.
ఒక చాప, పట్టుకొని నడిచే రెండు కమ్ములు,
గాలి తగ్గిన పెద్ద ఎర్ర బంతి,
గోడకు నేను అంటించిన బొమ్మలు:
ఓడ, పెంగ్విను, మంచు ఇల్లు.
ట్రైనింగుల ఇచ్చిన్రు, తెచ్చి పెట్టిన.
ఆర్నెల్లు వాటినే చూపించిన.
"ఇదేంది, చెప్పు? ఓడ. ఓ... డ."
వాడు కిటికీ దిక్కు చూసేటోడు,
నేను రిజిస్టర్ల రాసేదాన్ని:
స్పందన లేదు.

ఒకనాడు మణెమ్మ మెల్లగ అన్నది,
"మేడం, ఓడ నేను గూడ సూడలే."

ఆ రాత్రి అన్నం సయించలే నాకు.
తెల్లారి ఓడను పీకేసిన.
సంతకు పోయి సీతాఫలం తెచ్చిన, పల్లికాయ తెచ్చిన.
వాని వేలు పట్టి గుజ్జుల ముంచిన.
ఏడ్చిండు. నాకిండు. మళ్ల ఏడ్చిండు.
గింజను మాత్రం నా మీదికి ఉమ్మిండు,
గురి చూసి.

అసలు సంగతి చెప్పింది టికెట్టు.
పుట్టినకాన్నుంచి వాని ఎడమ పిడికిలి మూతనే.
ఫిజియో సారు వారానికొకసారి వచ్చి
వేలు వేలు విప్పుతడు,
ఆయన చెప్పులేసుకునే లోపల ముడుసుకుంటది.
ఆ పిడికిట్ల ఆనాడు
చెమటకు నానిన కాగితం ముక్క,
జీరో టికెట్టు.
"కండక్టరమ్మ వీని చేతికే ఇస్తది మేడం,
దిగినా ఇడువడు."

అంటే ఆ చెయ్యి
ఒక్క టికెట్టుకు తెరుసుకుంటున్నది.
ఊర్కొండ స్టేజీ దాటంగనే,
ఎవరూ విప్పకుండనే.

అట్ల మా గది బస్సైంది.
వినరాని యాస్మిను డ్రైవరు,
ఒక్క తాన కూసోలేని భానుచందరు కండక్టరు,
బండి నిండ తిరుగుడే కద వాని కొలువు.
సీటుకు ఇటు దిక్కు కుర్మయ్య,
మెడ నిలబెట్టుకోను దిండు,
ఎడమ చేతికి టికెట్టు.
ఒకటి, రెండు, పదకొండు టికెట్లు.
రైట్ రైట్.

మొన్న శుక్రారం సారు కాలు సాగదీస్తున్నడు.
మోకాలు బిగిసింది, ఎండిన తోలు లెక్క.
ఇరవై దాంక లెక్క పెట్టాలె, నడుమ ఆపొద్దు.
మణెమ్మ గోడ దిక్కు తిరిగి
తువ్వాల కొస పండ్ల కింద పెట్టుకుంది, ఎప్పట్లెక్కనే.
పన్నెండు. పదమూడు.
"ఓల్దాన్."

సారు చెయ్యి ఆగింది.
యాస్మిను మా మొఖాలు చూసి తాను గూడ ఆగింది.
అమ్మ కాదు, అత్త కాదు, నీళ్లు కాదు.
ఏడేండ్ల సంది ఎత్తినోళ్లే, దించినోళ్లే,
తాయెత్తు కట్టినోళ్లే, ముక్కు మూసి మందు పోసినోళ్లే.
ఆపుమని వాడు అనొచ్చని
ఎవరికీ తోచలే. చదువుకున్న నాకు గూడ.

మణెమ్మ బయటికి పోయి పుణెకు ఫోను కొట్టింది.
అక్కడ సిమెంటు మిల్లరు మోత.
"మాట్లాడిండయ్యా పిలగాడు!"
"ఏమన్నడు?"
"ఆపుమన్నడు."
"ఎవరిని?"
ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, జవాబు రాలే.
కొంచెం సేపటికి ఆ మోత గూడ ఆగింది.

లోపల సారు కాలు ఒళ్లె పెట్టుకొని కూసున్నడు.
లెక్క పదమూడు కాన్నే ఉన్నది.
"పోదామా, కుర్మయ్యా?"
వాడు కిటికీ దిక్కు చూస్తున్నడు.
పన్నెండు గంటల బస్సు పోయిన చప్పుడు.

రైట్ అనలే ఇంక.
అనేదాంక
ఎవరం కదలలే.